డబ్బాకొకటి ఎక్కువ

జూన్ 2, సోమవారం

ఈ ఏడాది టెండర్ లేదట. వాయిదా కాదు, రద్దు కాదు, అసలు లేదు. ఈ ముక్క చెప్పడానికి విద్యాశాఖ గుమాస్తా నన్ను అరగంట కూర్చోబెట్టాడు. టీ తాగుతారా అని అడిగి, నేను వద్దనేలోగా తను తెప్పించుకుని, తాగి, గ్లాసు పక్కన పెట్టి అప్పుడు చెప్పాడు. జిల్లాలో స్కూళ్ళన్నిటికీ మూడేళ్ళకి సరిపడా చాక్‌పీసులు విదేశం నుంచి ఓడలో వచ్చేశాయి. ఉచితం. సాయం కింద. పిల్లల చదువు కోసం.

ఇంక నేనేం మాట్లాడాలి? పిల్లల చదువుకి అడ్డం పడతానా? మంచిదేనండీ అని లేచి వచ్చేశాను.

ఈ ఊళ్ళో నన్ను సుద్దమ్మ అంటారు. అసలు పేరుతో పిలిస్తే నాకే పలకబుద్ధి కాదు. నాన్న పెట్టిన చాక్‌పీసుల ఫ్యాక్టరీని ఆయన పోయాక నేను నడుపుతున్నాను. ఫ్యాక్టరీ అంటే పెద్ద మాటే. పొడుగాటి రేకుల షెడ్డు, ఎండబెట్టుకోవడానికి డాబా, పన్నెండు మంది మనుషులు. చేసినదాంట్లో ముప్పాతిక వంతు స్కూళ్ళకే పోతుంది. పోయేది అని రాయాలి కాబోలు ఇక.

మా ఆయనకి చెప్పాను. ఫ్యాక్టరీలో లెక్కలు ఆయనవి, కేకలు నావి. కళ్ళజోడు తీసి తుడుచుకుని, మరి వచ్చే నెల జీతాలో, అన్నారు. ఆ మాట నేనింకా అనుకోలేదు. ఇంకో పూట అనుకోకుండా ఉండనివ్వచ్చు కదా ఈ మనిషి.

జూన్ 4

ఆ చాక్‌పీసు ఎలా ఉంటుందో చూడాలని అక్క స్కూలుకి వెళ్ళాను. అక్క అక్కడ హెడ్మిస్ట్రెస్. ఆఫీసు గదిలో బీరువా పక్కన అట్టపెట్టెలు నా నడుమంత ఎత్తు పేర్చి ఉన్నాయి. ప్రతి పెట్టె మీదా నవ్వుతున్న పిల్ల బొమ్మ.

అక్క ఖాళీ క్లాసులోకి లాక్కెళ్ళి బోర్డు నిండా రాసి చూపించింది. రాసి, తుడిచి, మళ్ళీ రాసింది. ఇదిగో చూడవే, చీర మీద ఒక్క చుక్క పొడి లేదు, అంది. ముప్పై ఏళ్ళుగా అక్కకి దగ్గు. డాక్టర్ ఎప్పుడో తేల్చేశాడు, సుద్దపొడి అని. ఆ సుద్ద మాదే. ఇవాళ బోర్డంతా రెండుసార్లు రాసినా అక్క దగ్గలేదు.

నేనూ ఒక గీత గీశాను. వేళ్ళకి అంటుకోలేదు. కిర్రుమనలేదు. తెల్లగా, ఒత్తుగా పడింది. కుళ్ళుకున్నాను. ఎవరికీ చెప్పను గనక ఇక్కడ రాస్తున్నాను, బాగా కుళ్ళుకున్నాను.

అక్క నా మొహం చూసి, నీ పొట్ట కొట్టే సరుకు నాకెందుకు, నా జీతంలోంచి నీ చాక్‌పీసులే తెప్పించుకుంటాలే, అంది. పిచ్చి మాటలు మానెయ్, ముందు ఆ దగ్గు తగ్గనీ, అన్నాను. గట్టిగానే అన్నాను. దారిలో ఏడుపొచ్చింది.

జూన్ 5

షెడ్డులో మేస్త్రికి ఇంకా చెప్పలేదు.

జూన్ 9, సోమవారం

అందరినీ డాబా మీద కూర్చోబెట్టి చెప్పేశాను. మేస్త్రి మా నాన్న రోజుల నుంచీ సుద్ద పోసే అచ్చుల దగ్గరే ఉన్నాడు. నా జుట్టు సగం నెరిసినా ఆయనకి నేనింకా అమ్మాయినే. ఉచితంగా ఎన్నాళ్ళొస్తాయిలే అమ్మాయ్, అయిపోయాక మన గుమ్మమే తొక్కుతారు, అన్నాడు. మూడేళ్ళని చెప్పాను. ప్యాకింగ్ చూసే ఆవిడని అందరూ వదిన అనే పిలుస్తారు. ఆవిడే ముందు నోరు తెరిచి, మూడేళ్ళు గాలి భోంచేసి బతకాలన్నమాట, అంది. నవ్వాల్సింది కాదు గానీ అందరం నవ్వాం.

సాయంత్రం ఇద్దరు మగాళ్ళు తల గోక్కుంటూ వచ్చారు. ఆ ఉచితం చాక్‌పీసుల పెట్టెలు స్కూళ్ళకి చేరవెయ్యడానికి గోడౌన్లో మనుషులు కావాలట. కూలి బాగానే ఇస్తారట. వెళ్ళండి, నేనేం అనుకోను, అన్నాను. అనుకున్నాను.

జూన్ 13

ఆ చాక్‌పీసులు పంచే సాయం వాళ్ళ ఆఫీసుకి వెళ్ళాను, పోట్లాడదామని. మా ఆయన వద్దన్నారు, అందుకే వెళ్ళాను.

ఏసీ గది. టేబుల్ వెనక ఒక అబ్బాయి, ముప్పై దాటి ఉంటాడేమో. ఈ ఊరివాడే. బయట ఎండకి రోడ్డు మెత్తబడుతుంటే మెడకి టై. నేను గొంతు పెంచేలోగా మంచినీళ్ళిచ్చి, మేడమ్, మా అమ్మ మీ చాక్‌పీసుతోనే నాకు అక్షరాలు దిద్దించింది, అన్నాడు. పోట్లాటకి వచ్చినవాళ్ళతో అనాల్సిన మాటా ఇది? సగం కోపం అక్కడే దిగిపోయింది.

ఆ కొనేవేవో నా దగ్గరే కొని పంచొచ్చు కదా బాబూ, అని అడిగాను. కుదరదట. అక్కడి ప్రభుత్వం ఇచ్చే డబ్బుతో అక్కడి ఫ్యాక్టరీల సరుకే కొనాలి, అక్కడి ఓడల్లోనే పంపాలి. అది రూల్. అంటే డబ్బు వాళ్ళ వీధి దాటలేదు, సుద్ద మాత్రం మన వీధికొచ్చింది, అంతేనా, అన్నాను. టై అబ్బాయి సిగ్గుపడుతూ నవ్వాడు.

తర్వాత అసలు విషయం చెప్పాడు. అదే ఆఫీసులో పక్క గదిలో ఇంకో పథకం ఉందట. చిన్న ఫ్యాక్టరీలు విదేశాలకి సరుకు అమ్ముకునేలా తయారు చెయ్యడం. ఊరికే ఇచ్చేకన్నా వ్యాపారం నేర్పితే దేశం త్వరగా ఎదుగుతుందని వాళ్ళ పెద్దవాళ్ళు ఈ మధ్య గట్టిగా నమ్ముతున్నారట. దర్జీలు బట్ట మీద గీత గీసుకునే సుద్దకి అక్కడ గిరాకీ ఉంది, కొనేవాళ్ళని నేను చూపిస్తాను, మీరు చెయ్యగలరా మేడమ్, అన్నాడు. ఎందుకు చెయ్యలేం, అనేశాను. దర్జీ సుద్దని నేను చేతితో పట్టుకుని చూసి పదేళ్ళయి ఉంటుంది.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన, పాపం ఒక చేత్తో బోర్డు తుడుస్తూ ఇంకో చేత్తో రాస్తున్నారు, వాళ్ళకి మాత్రం తీరికెక్కడ, అన్నారు.

జూన్ 24

దర్జీ సుద్ద అంటే మూడు మూలల బిళ్ళ. అంచు పల్చగా ఉండాలి, గీత సన్నగా పడాలి, ఉతికితే పోవాలి. మా అచ్చులన్నీ వేలంత లావు ముక్కలు పొయ్యడానికి పుట్టినవి. లేత్ మిషన్ అతన్ని బతిమాలి కొత్త అచ్చు కోయించాను. సుద్దపిండి కలిపి పోసి, ఆరాక విప్పితే అంచులన్నీ అచ్చుకే అతుక్కుపోయాయి. మేస్త్రి ఆ అచ్చుని కన్నకొడుకుని తిట్టినట్టు తిట్టాడు. రెండోసారి నూనె ఎక్కువ రాశాడు. బిళ్ళ చక్కగా ఊడొచ్చింది గానీ బట్ట మీద గీత బదులు నూనె మరక పడింది.

జూలై 3

వాన. డాబా మీద పరిచిందంతా నీళ్ళపాలు.

జూలై 11

కుదిరింది! పిండిలో కాస్త మెత్తటి బంకమన్ను కలిపాం, నూనె తుడిచీ తుడవనట్టు రాశాం. మేస్త్రి బిళ్ళని వెలుతురుకెదురుగా పట్టుకుని చాలాసేపు చూశాడు, ఏం మాట్లాడలేదు. ఏం మాట్లాడలేదంటే బాగుందని.

వీధి చివర దర్జీకి ఇచ్చి గీయించాను. నల్ల కోటు గుడ్డ మీద వెంట్రుకంత గీత లాగాడు. అబ్బో, ఫారిన్ సరుకా అమ్మా, అన్నాడు. ఫారిన్‌ది కాదయ్యా, ఫారిన్ పోయేది, అన్నాను. ఇంత గర్వం నాకు పిల్లలు ఫస్టు క్లాసులో పాసైనప్పుడు కూడా లేదు.

జూలై 28, సోమవారం

టై అబ్బాయి చేత పంపిన శాంపిల్ అక్కడివాళ్ళకి నచ్చిందట. ఆర్డర్ వచ్చింది. నేను షెడ్డులో కేక పెడితే వదినకి చేతిలో డబ్బా జారిపోయింది. గోడౌన్‌కి వెళ్ళిన ఇద్దరికీ కబురు పంపాను. ఒక్క పూటలో వచ్చేశారు.

ఆర్డర్‌తో పాటు రూల్స్ కూడా వచ్చాయి, ఇరవై పేజీలు. డబ్బా కొలత, అట్ట మందం, చెక్క పెట్టెకి పురుగు పట్టకుండా ఏం చెయ్యాలి, లేబుల్ మీద అక్షరం ఎంత ఉండాలి. గుడ్డ మీద గీత గీసే సుద్దకి ఇంత భాగోతమా? మా ఆయన మూడు రోజులు కూర్చుని పేజీ పేజీ చదివి ఎర్ర పెన్నుతో గీతలు పెట్టారు. అన్నీ పాటించాం, నాకు తెలిసినంతవరకు.

ఆగస్టు 12

ప్యాకింగ్ నడుస్తోంది. డబ్బాకి యాభై బిళ్ళలు. యాభై పేర్చాక పైన అడ్డంగా ఇంకొకటి. అది కొసరు. నాన్న ఉన్నప్పటి నుంచీ అంతే. దారిలో ఒకటి విరిగినా కొన్నవాడు మనల్ని తిట్టుకోకూడదు. పెట్టమని ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు, చేతులే పెట్టేస్తాయి. ఈసారి వదిన కొసరుకి ప్రత్యేకంగా రంగు బిళ్ళలు పోయించింది. ఒక డబ్బాకి గులాబీ, ఇంకో డబ్బాకి నీలం. పరాయి దేశం పోతోంది కదమ్మా, మన చెయ్యి పెద్దదని తెలియొద్దూ, అంది. నాకూ ముచ్చటేసింది. బాగుంది, అలాగే కానివ్వమన్నాను.

ఆగస్టు 19

లారీ వెళ్ళిపోయింది. షెడ్డు బోసిగా ఉంది. అందరం ఏదో పెళ్ళి చేసి పంపించినట్టు గేటు దగ్గరే నిలబడ్డాం.

సెప్టెంబర్ 5

అక్క ఫోన్ చేసింది. రాత్రంతా వెల్లకిలా పడుకుని నిద్రపోయిందట. దగ్గు భయానికి ఎన్నేళ్ళుగానో రెండు దిండ్లు పేర్చుకుని కూర్చున్నట్టే పడుకునేది. ఆ దిండ్లు ఇప్పుడు బావగారు లాక్కున్నారట. నిజంగా సంతోషమేసింది. సంతోషమేస్తూనే, ఈ మంచి నేను చెయ్యలేకపోయానే అనిపించింది. ఆ పొడి రాని సుద్ద చెయ్యడానికి కావలసిన మిషన్ ఖరీదు ఒకసారి కనుక్కున్నాను. షెడ్డూ ఇల్లూ కలిపి అమ్మినా రాదు.

సెప్టెంబర్ 22, సోమవారం

సరుకు అక్కడి రేవులో ఆపేశారు.

పొద్దున్నే టై అబ్బాయి ఫోన్. కాగితాల్లో రాసినదానికీ డబ్బాల్లో ఉన్నదానికీ పొంతన లేదట. డబ్బా విప్పితే యాభై ఒకటి. ఇంకోటి విప్పితే యాభై ఒకటి. ఏది విప్పినా అంతే. పైగా ఆ ఒక్కటి వేరే రంగు. కాగితంలో చూపించని సరుకు లోపల దూర్చి పన్ను ఎగ్గొడుతున్నామని వాళ్ళ అనుమానం. అక్కడ ఉన్నన్ని రోజులూ గోడౌన్ అద్దె మా నెత్తినే.

ఎక్కువ ఎందుకు పెట్టారు మేడమ్, అని అడిగాడు. కొసరు నాయనా, అన్నాను. అతనికి తెలియక కాదు. ఈ ఊళ్ళో పుట్టి కొసరు తెలియకుండా ఎవరు పెరుగుతారు? మీరు పంపించేముందు నాకు ఒక్క మాట చెప్పాల్సింది మేడమ్, అన్నాడు. ఏమని చెప్పాలి? అన్నం వండితే ఉడికించామని చెబుతామా?

ఆ ఆర్డర్ డబ్బు రాకపోతే షెడ్డు మూతే. అచ్చులకీ, బంకమన్నుకీ, డబ్బాలకీ ఉన్నదంతా ఊడ్చి పెట్టాను. మేస్త్రితో, ఏవో కాగితాల పేచీలే, అని మాత్రం అన్నాను.

సెప్టెంబర్ 23

కొన్న కంపెనీ ఆవిడతో వీడియోలో మాట్లాడాం. ఇంగ్లీషు మా ఆయనది, గాభరా నాది. ఆవిడ మంచిదే. కోపం లేదు. తను కూడా ఒక ఫారం ముందు పెట్టుకుని కూర్చుంది. అమ్మిన సరుకుకి ఒక గడి ఉంది, శాంపిల్‌కి ఒక గడి ఉంది, పాడైన సరుకుకి ఒక గడి ఉంది. అమ్మినదాని మీద ఇష్టంగా ఇంకొకటి వేస్తే దాన్ని ఎక్కడ రాయాలో ఆవిడకీ తెలియలేదు. ఎందుకు ఇచ్చారు, మీకేం లాభం, అని రెండుసార్లు అడిగింది. విరిగితే బదులు అని మా ఆయన చెప్పారు. విరిగితే మేము కంప్లైంట్ పెడతాం కదా, దానికి వేరే ఫారం ఉంది, అందట.

వాళ్ళు ఓడ నిండా ఉచితంగా పంపితే మన రేవులో ఫొటోలు తీసుకుని మరీ దించుకున్నాం. మేము డబ్బాకొకటి ఉచితంగా పంపితే దొంగసరుకయింది. ఇది మా ఆయనతో అంటే నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు, మంచం మీద అటు తిరిగి పడుకున్నారు.

సెప్టెంబర్ 24

టై అబ్బాయి తనే వచ్చాడు, టై లేకుండా. ఒక దారి ఉందన్నాడు. కావాలనే పెట్టామని రాస్తే విచారణ, లాయర్లు, నెలలు. పొరపాటున పడిందని రాస్తే చిన్న జరిమానా, వారంలో సరుకు బయటికి. లెటర్ తనే టైపు చేసి తెచ్చాడు. మా పనివాళ్ళకి లెక్కపెట్టడం సరిగా రాకపోవడం వల్ల పొరపాటు జరిగింది, ఇకముందు జరగకుండా వాళ్ళకి శిక్షణ ఇప్పిస్తాం. అదీ లెటర్.

ప్రతి డబ్బాలోనూ సరిగ్గా ఒకటే ఎక్కువైతే అది లెక్క రాకపోవడం ఎలా అవుతుంది బాబూ, లెక్క రానివాడు ఒకచోట తక్కువా ఒకచోట ఎక్కువా పెడతాడు, అన్నాను. వాళ్ళకి కూడా తెలుసు మేడమ్, కానీ వాళ్ళకీ రాసుకోవడానికి ఒక కారణం కావాలి కదా, అన్నాడు. నేల వైపు చూస్తూ అన్నాడు. పాపం, అతని ఉద్యోగం కూడా ఈ డబ్బాల మీదే ఉందేమో.

ఆలోచించుకుంటానని పంపించేశాను.

సెప్టెంబర్ 25

సంతకం పెట్టాను.

పన్నెండు మందికీ లెక్క రాదని రాసిచ్చాను. మేస్త్రికి లెక్క రాదని రాసిచ్చాను. ఎక్కాలు రాక నేను బళ్ళో దెబ్బలు తిని వచ్చినప్పుడు నాన్న విసిగిపోయి నన్ను మేస్త్రి దగ్గర కూర్చోబెట్టాడు. అచ్చులో గుంతలు వరసకి పది చొప్పున ఉంటాయి. అవి చూపించి పదో ఎక్కం దాకా నేర్పింది ఆయనే. జీతాలు ఇవ్వాలి, షెడ్డు ఉండాలి, అది నిజం. ఇదీ నిజం.

అక్టోబర్ 7

సరుకు వదిలారు. జరిమానా, అద్దె పోగా డబ్బు బ్యాంకులో పడింది. రెండు నెలల జీతాలు ఒకేసారి ఇచ్చాను. వదిన కవరు కళ్ళకద్దుకుంది. సుద్ద అక్కడి దర్జీలకి బాగా నచ్చిందట, కొత్త ఆర్డర్ మూడింతలు. రంగు బిళ్ళలు కూడా విడిగా అమ్ముతారా అని అడిగారు. మేస్త్రి అందరికీ స్వీట్లు తెప్పించాడు, తన డబ్బుతో.

శిక్షణ వచ్చే వారం. ఖర్చంతా సాయం వాళ్ళదే. షెడ్డులో వీళ్ళకింకా చెప్పలేదు. రేపు చెబుతాను.

అక్టోబర్ 8

చెప్పలేదు.

అక్టోబర్ 14, మధ్యాహ్నం

నగరం నుంచి ట్రైనింగ్ అమ్మాయి వచ్చింది. కలుపుగోలు పిల్ల. షెడ్డులో గోడకి తెల్లదుప్పటి కట్టి ప్రొజెక్టర్ పెట్టింది. తెర మీద ఒక ఆపిల్, తర్వాత రెండు ఆపిళ్ళు, తర్వాత మూడు. మా వాళ్ళు ఇదేదో ఆట అనుకుని చప్పట్లు కొట్టారు. పది ఆపిళ్ళయ్యాక వదిన చెయ్యెత్తి, ఇది మాకెందుకు నేర్పిస్తున్నారు తల్లీ, అని అడిగింది. ఆ పిల్లకి ఏం తెలుసు? ఫైలు తీసి ఉన్నదున్నట్టు చదివింది. పనివాళ్ళకి లెక్కపెట్టడం రానందువల్ల గత ఎగుమతిలో జరిగిన పొరపాటు దృష్ట్యా. కింద నా సంతకం ఉందని కూడా చెప్పింది, గౌరవంగా.

అందరూ నా వైపు తిరిగారు. నేను ప్రొజెక్టర్ వైపు చూస్తూ కూర్చున్నాను. భూమి చీలితే బాగుండు అంటారే, అది నాకు మొదటిసారి అర్థమయింది.

తర్వాత ఒక్కొక్కరూ లేచి యాభై బిళ్ళలు లెక్కపెట్టి చూపించాలి. లెక్కపెట్టారు. ఎవరూ తప్పలేదు, ఎవరూ నవ్వలేదు. చివర్న మేస్త్రి. బల్ల దగ్గర నిలబడి ఒక్కో బిళ్ళా పెడుతూ ఒక్కో అంకె గట్టిగా పలికాడు. యాభై అన్నాడు. ఆగి, ఇంకొకటి తీసి అడ్డంగా పెట్టి, యాభై ఒకటి, అన్నాడు. వచ్చి తన చోట్లో కూర్చున్నాడు. ట్రైనింగ్ అమ్మాయి నవ్వి, యాభైతో ఆపాలి సార్, మళ్ళీ ప్రయత్నిద్దామా, అంది. మేస్త్రి బుద్ధిగా లేచి వెళ్ళి మళ్ళీ లెక్కపెట్టాడు. ఈసారి యాభైతో ఆపాడు.

అందరికీ సర్టిఫికెట్లు ఇచ్చింది, లామినేషన్ చేసినవి. బిస్కెట్ ప్యాకెట్లు కూడా.

అక్టోబర్ 15

మేస్త్రి వచ్చాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

మీ నాన్న ఉంటే ఆ సంతకం పెట్టేవాడా అమ్మాయ్, అని అడిగాడు. నాన్న ఉంటే జీతాలు ఎక్కణ్ణుంచి తెచ్చేవాడో నాకు తెలియదు మేస్త్రిగారూ, అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, అదీ నిజమేలే, అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ముందే చెప్పనందుకు తప్పయిపోయిందన్నాను. ఊరుకో, ఊరుకో, చిన్నపిల్లలా, అన్నాడు.

పొద్దున కొత్త ఆర్డర్‌కి పది డబ్బాలు కట్టాడట. పదింట్లోనూ యాభై ఒకటి ఉన్నాయని వదిన విప్పి చూపించింది. పంతానికి పెట్టలేదు అమ్మాయ్, వద్దనుకుంటూనే కట్టాను, చెయ్యి ఆగట్లేదు, నా వల్ల మళ్ళీ నీ సరుకు ఆగిపోతుంది, అన్నాడు. అచ్చుల దగ్గర మాత్రమే ఉండండి, ప్యాకింగ్ ముట్టుకోకండి, అన్నాను. తల అడ్డంగా ఊపాడు. చేసిన చెయ్యి కట్టకూడదంటే అదేం పని, అన్నాడు.

పాత చాక్‌పీసు అచ్చులు అడిగాడు. ఇంటి దగ్గరే నాలుగు ముక్కలు పోసుకుంటాడట. ట్యూషన్లు చెప్పేవాళ్ళు, కొట్ల ముందు రేట్లు రాసుకునేవాళ్ళు కొంటారట. ఖరీదు కట్టమన్నాడు. నోరు మూసుకోండి, అన్నాను. ఆ మాట ఆయన్ని నేనెప్పుడూ అనలేదు. ఇద్దరం నవ్వాం.

అక్టోబర్ 18

అచ్చులు రిక్షాలో ఎక్కించి పంపాను. షెడ్డులో ఆ మూల ఊడ్పించాను.

నవంబర్ 20

కొత్త తూకం మిషన్ వచ్చింది. డబ్బా పెడితే సరిపోతే పచ్చ లైటు. ఒక్క బిళ్ళ ఎక్కువైనా ఎర్ర లైటు, కుయ్‌మని అరుపు. మొదట్లో షెడ్డంతా కుయ్ కుయ్. అరిచినప్పుడల్లా వదిన, వస్తున్నా తల్లీ, అని దానికి జవాబు చెప్పేది. ఇప్పుడు రోజుకి ఒకటో రెండో. నేను కూడా రోజూ కాసేపు బల్ల దగ్గర కూర్చుంటున్నాను, యజమాని చెయ్యి ముందు మారాలని. వారంలో మారిపోయింది. ఇంత తొందరగా మారుతుందనుకోలేదు.

డిసెంబర్ 12

టై అబ్బాయి రంగుల పుస్తకం తెచ్చాడు. సాయం వాళ్ళు అచ్చు వేసింది. లోపల నేనూ వదినా, చేతుల్లో డబ్బాలు. ఫొటో కోసం వదిన కొత్త చీర కట్టుకుంది. చేయూత నుంచి ఎగుమతి దాకా అని హెడ్డింగ్. కింద రాసిందాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. ఇప్పుడు మేము ఇరవై మందిమి. షెడ్డుకి కొత్త రేకులు. వదిన ఇంటికి ఫ్రిజ్ వచ్చింది. గోడౌన్‌కి వెళ్ళిన ఇద్దరూ ఇక్కడే స్థిరపడ్డారు. అక్క వానాకాలం నుంచి దగ్గలేదు. ఏ లెక్కన చూసినా బాగుపడ్డాం. ఎవరైనా అడిగితే నేనూ అదే చెబుతాను.

ఆ పుస్తకం అక్కకి చూపించాను. అన్నీ తిరగేసి, మరి ఆ ఉచితం పెట్టెలు అయిపోయాక స్కూళ్ళకి చాక్‌పీసులు ఎవరు చేస్తారే, అంది. మేస్త్రి ఉన్నాడుగా, అన్నాను. ఇద్దరం నవ్వబోయాం. డెబ్బై ఏళ్ళ మనిషి, ఒక్కడు, పెరట్లో. జిల్లాలో ఎన్ని స్కూళ్ళున్నాయో అక్కకి తెలుసు.

డిసెంబర్ 30

మూడో ఆర్డర్. ఎక్కడా ఆగకుండా చేరిందట. ఒక్క డబ్బా కూడా విప్పలేదట.

జనవరి 4, ఆదివారం

కూరగాయలకి వెళ్ళాను. తూకం అయ్యాక కూరగాయలావిడ గుప్పెడు పచ్చిమిర్చి తీసి నా సంచిలో వేసింది. నేను చెయ్యి పెట్టి, ఒక్కటీ మిగలకుండా ఏరి, తిరిగి ఆవిడ బుట్టలో పోసేశాను. పోశాక గానీ నాకే తెలియలేదు.

ఆవిడ నా మొహం వంక చూసింది. నావల్ల ఏం తప్పు జరిగిందమ్మా, అని అడిగింది.